లోపల లేచిన పొర

ఆ విజయదశమి ఉదయం ఆకాశం ఖాళీగా ఉంది. తూర్పున ఒకే ఒక మబ్బు తునక, ఏకిన దూదిలా పలచబడి, కదలకుండా నిలబడింది. గాలి లేదు. ఎగరడానికి ఇంతకన్నా మంచి పొద్దు దొరకదని చూడవచ్చినవాళ్ళంతా అన్నారు. నిజమే. ఆకాశంలో తప్పేమీ లేదు. తప్పు నాలో ఉంది.

నేను ఒక గొట్టాన్ని. మూరెడు పొడవు, చిటికెన వేలు దూరేంత బోలు. లోపల నల్ల రబ్బరు, పైన సన్నని ఉక్కు తీగలతో జడలా అల్లిన తొడుగు. ట్యాంకులోని పెట్రోలును ఇంజనుకు దింపడం నా పని. ఏదో ఫ్యాక్టరీలో పుట్టాను. అక్కడ నన్ను వందల గజాల పొడవున చుట్ట చుట్టారు. ఆ చుట్టలో ఉన్నంతకాలం నాకు మంచీ లేదు, చెడూ లేదు. మనిషి కోసి ఒకచోట బిగించాకనే వస్తువుకు పాపపుణ్యాలు మొదలవుతాయి.

నన్ను కొన్నవాడు తిప్పేస్వామి. గుంతకల్లుకు అవతల ఒక పల్లెలో మోటార్లు, ఆయిలింజన్లు బాగుచేసే మనిషి. వయసులో ఉన్నప్పుడు విమానాలు నడపడం నేర్పే ఒక బడిలో తొమ్మిదేళ్ళు మెకానిక్కుగా చేశాడు. సీటు ఖాళీ ఉన్నప్పుడల్లా అక్కడివాళ్ళు ఎక్కించుకుంటే నడపడం కూడా నేర్చుకున్నాడు. ఊరికి తిరిగొచ్చి, రేకుల షెడ్డులో ఆరేళ్ళు కూర్చుని, పాత కారు ఇంజనుతో ఒక్క మనిషి పట్టే విమానం కట్టాడు. పక్కనున్న చౌడు నేల మీద నుంచి లేచి, ఒక చుట్టు తిరిగి, దిగితే చాలనుకున్నాడు. పంటకు మందు కొట్టడానికా, పెళ్ళిళ్ళలో పూలు చల్లడానికా అని ఊరివాళ్ళు అడిగేవారట. దేనికీ కాదంటే ఒక్కరూ నమ్మలేదు. ఉత్తినే ఎగిరే హక్కు మనుషులు పక్షులకు తప్ప ఇంకెవరికీ ఇవ్వరు.

గొట్టం కొనడానికి ఆయన వెంట బామ్మర్ది పెన్నోబులేసు వచ్చాడు. తిప్పేస్వామి భార్య హంపమ్మకు తమ్ముడు, చీనీ, అంటే బత్తాయి, తోటలకు డ్రిప్పు పైపులు వేసే పనివాడు. దుకాణం ఖాదర్ సాయిబుది. ఆ ముసలాయన ఒకప్పుడు మిలిటరీ విమానాల వర్క్‌షాపులో చేసినవాడు కనుక, ఏది కావాలని కాక, ఎక్కడ బిగిస్తారని అడిగాడు. బల్ల మీద ఒక్కొక్కటే పరిచాడు. లోపలి పెట్రోలు కనిపించే తెల్ల గొట్టం ఎండకు గట్టిపడి పగులుతుందన్నాడు. మామూలు నల్లది ఇంజను సెగకు మెత్తబడుతుందన్నాడు. మూడోదాన్ని నేను. నాలుగోది దుకాణంలో లేదు. రెండు కొనలకూ ఇత్తడి మూతులు మిషను మీద నొక్కించి బెంగుళూరు నుంచి తెప్పించాలి. అన్నిటికన్నా అదే మేలన్నాడు.

తిప్పేస్వామి దానికోసం ఆగేవాడే.

"పదైదు దినాలంటే దసరా దాటిపోతాది బావా. పైపులకు మూతులెక్కించేదే గదా నా బతుకంతా. ఈ మూరెడు దానికి బెంగుళూరు పోవాల్నా?" అన్నాడు పెన్నోబులేసు.

"నీ పైపు కారితే చీనీచెట్టు కేసు పెట్టదు లేరా" అన్నాడు బావ.

ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వులోనే నన్ను కోశారు. మూతులు వేరుగా పొట్లం కట్టి ఇస్తూ ఖాదర్ సాయిబు చెప్పాడు: "ఎక్కించేటప్పుడు ఆముదం రాయండి నాయనా. ఎక్కించినాక లోపలికొక ఇనప గుండు వదలండి. ఈ పక్క ఏస్తే ఆ పక్క పడాల. పడకుంటే ఆ గొట్టం పారేయండి."

మహానవమికి ముందురోజు సాయంత్రం నన్ను బిగించారు. ఆ ఇళ్ళల్లో ఆయుధపూజ అంటే మాటలు కాదు. స్పానర్లు, సుత్తులు, కటింగ్ ప్లేయర్లు అన్నీ కడిగి, విభూది పెట్టి, వరుసగా పేర్చి పూలు వేస్తారు. పూజలో కూర్చున్న పనిముట్టును దశమినాడు పూజ కదిలించేదాకా ఎవరూ ముట్టరు. కాబట్టి బిగించేదేదో ఆ సాయంత్రమే బిగించాలి. సామాన్లు కడగాలని హంపమ్మ గడపలోంచి రెండోసారి పిలిచింది. ఆముదం సీసా వంటింట్లో ఉంది. తెచ్చుకోవాలంటే పది అడుగులు వేయాలి. పెన్నోబులేసు వేయలేదు. వేలకొద్దీ పైపులకు నూనె లేకుండా మూతులెక్కించిన చేతులవి. ఇత్తడి మూతిని ట్యాంకు వైపు కొనలో పెట్టి, మెలితిప్పి, ఎండుగా తోశాడు.

ఆ ఇత్తడి అంచు నా లోపలి రబ్బరును గోరంత చెక్కింది. చెక్కిన పొర ఊడిపోలేదు. ఒక పక్క అంటుకునే ఉండి, రెండో పక్క లేచింది. నాకు తెలిసింది. అతని చేతికీ తెలిసినట్టే ఉంది, ఒక్క క్షణం ఆగాడు. తర్వాత "దిగింది బావా" అని నట్టు బిగించాడు. పైన నా ఉక్కు జడ వెండిలా మెరుస్తూనే ఉంది.

మర్నాడు గుమ్మడికాయ కొట్టాక తిప్పేస్వామికి ఇనప గుండు గుర్తుకొచ్చింది. అది వేయాలంటే ట్యాంకు దగ్గరి నట్టు విప్పాలి. విప్పే స్పానరు బంతిపూల కింద ఉంది. ఆయన దాని వంక చూడడం హంపమ్మ చూసింది.

"పూజలో పెట్టినేది ఎత్తుతారా ఎవరన్నా?" అంది.

ఆయన స్పానరు వదిలేసి ఇంజను దగ్గరికి పోయాడు. ఇంజను వైపు కొనకున్న క్లిప్పు వేళ్ళతోనే ఊడుతుంది. దాన్ని ఊడదీసి, నా కొనను నోట పెట్టుకుని గట్టిగా ఊదాడు. పైన ట్యాంకులో బుడబుడమంది. బావా బామ్మర్దీ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. కానీ ఆ ఊపిరి ఇంజను వైపు నుంచి ట్యాంకుకు పోయింది. పెట్రోలు రావలసింది ట్యాంకు నుంచి ఇంజనుకు. ఊపిరికి నాలోని పొర గోడకు అతుక్కుని బుద్ధిగా పడుకుంది. నేను కారి ఉంటే వాసనకైనా పట్టుకునేవారు. కారకపోవడమే నా గొప్ప అనుకునే జాతి నాది.

దశమి పొద్దున ఇంజను మెల్లగా తిరిగినంతసేపు పెట్రోలు కూడా మెల్లగానే దిగింది. పొర కదల్లేదు. చౌడు నేల చివర తిప్పేస్వామి పూర్తిగా వేగం ఇచ్చాడు. చక్రాలు నేలను వదిలాయి. కరెంటు స్తంభానికి రెండింతల ఎత్తు లేచాం. కింద జనం అరుస్తున్నారు. హంపమ్మ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. అప్పుడు పెట్రోలు ఒక్కసారిగా నాలోకి దూకింది. పొర లేచి దారికి అడ్డం పడుకుంది. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఆయన బెదరలేదు. వెనక్కి తిప్పబోకుండా ఎదురుగా ఉన్న కందిచేనిలోకి దింపాడు. మంచి చేయి. అయినా ఎడమ చక్రం గట్టుకు తగిలి విమానం ఆ పక్కకు పడింది. ఆయన ఎడమ మోకాలు నుజ్జయింది.

జనం ఆయన్ని మోసుకుపోతుంటే పెన్నోబులేసు వెనకే ఉండిపోయి నన్ను విప్పాడు. ఇంటికి తీసుకుపోయి బ్లేడుతో నిలువునా చీల్చాడు. చూశాడు. గుడ్డలో చుట్టి తన మోపెడ్ పెట్టెలో, పైపు ముక్కల అడుగున పెట్టాడు. నాలుగు నెలలు అందులోనే తిరిగాను.

ఆ నాలుగు నెలలూ అతను రోజూ బావ ఇంటికి వచ్చాడు. ఆసుపత్రికి తిప్పాడు, నీళ్ళు తోడాడు, తలుపు బందులు బాగుచేశాడు. అన్నం వేళకు మాత్రం "తినే వచ్చినా అక్కా" అనేవాడు. తినలేదని నాకు తెలుసు. మేమిద్దరం కలిసే కదా వచ్చేది.

తిప్పేస్వామి మోకాలు మళ్ళీ వంగలేదు. స్టూలు మీద కూర్చుని, కాలు చాపుకుని, ఇంజనును ఒక్కొక్క బోల్టే విప్పాడు. ఎక్కడా లోపం దొరకలేదు. దొరికి ఉంటే బాగుచేసి ఊరుకునేవాడు. దొరకని లోపం తన చేతిలోనే ఉందనుకున్నాడు. మోటారు చెడి వచ్చిన రైతులను గుమ్మంలోంచే తిప్పి పంపాడు. "నా చెయ్యి నమ్మేటట్ల లేదప్పా" అన్న మాట తప్ప ఇంకో మాట లేదు. ఇంట్లో ఆ మాట విన్నప్పుడల్లా పెన్నోబులేసు ఏదో పని ఉన్నట్టు బయటకు వచ్చి మోపెడ్ దగ్గర నిలబడేవాడు. పెట్టె మూత మీద చెయ్యి వేసేవాడు. తెరిచేవాడు కాదు.

ఒకరోజు మధ్యాహ్నం తిప్పేస్వామి భార్యతో, రేపు పాత ఇనుమువాణ్ణి రమ్మన్నానని, ఇంజను తూకానికి ఇచ్చేస్తానని చెప్పాడు. పెన్నోబులేసు బయటకు వచ్చాడు. ఈసారి మూత తెరిచాడు. గుడ్డ విప్పి నన్ను బావ చేతిలో పెట్టాడు.

"ఇంజను మంచిదే బావా. చెడింది ఇది. ఆముదం పూయకుండా ఎండుగా తోసినా. పడిన పొద్దే కోసి చూసినా."

తిప్పేస్వామి నన్ను వెలుతురుకు తిప్పాడు. చీలికను బొటనవేలితో విడదీశాడు. పొరను గోటితో లేపాడు, వదిలాడు. మళ్ళీ లేపాడు. నన్ను గోడకేసి కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననిపించింది. పెన్నోబులేసు కూడా అదే కోరుకుంటున్నట్టు తల వంచి నిలబడ్డాడు.

"గుండు ఏసి చూడమన్యాడు ఆ సాయిబు" అన్నాడు తిప్పేస్వామి. "ఏయనిది నేను."

వంటింటి గడపలో హంపమ్మ గరిటె పట్టుకుని నిలబడి ఉంది. ఆమె చూపు గోడకున్న స్పానర్ల మీదికి పోయి, అక్కడే ఆగింది. తర్వాత లోపలికి వెళ్ళింది.

తిప్పేస్వామి నన్ను పక్కన బల్ల మీద పెట్టి, చేతులు కడుక్కోవడానికి బామ్మర్దికి చెంబు అందించాడు.

ఆమె మూడు పళ్ళేలు తెచ్చింది. రాగిముద్ద, చెనిక్కాయలు నూరిన ఊరిబిండి పచ్చడి, ఆకుకూర పప్పు. తమ్ముణ్ణి అడగకుండానే వడ్డించింది. అతను తిని వచ్చానని అనలేదు. స్టూలు పక్కనే, బావ చాపిన కాలికి తగలకుండా ఒదిగి కింద కూర్చున్నాడు. మొదటి ముద్ద ఊరిబిండిలో అద్దుకుని నోట్లో పెట్టుకున్నాడు. హంపమ్మ అతని వైపు చూడకుండా నీళ్ళచెంబు దగ్గరికి జరిపింది. తనూ పళ్ళెం ముందు కూర్చుంది. పళ్ళేలు ఖాళీ అయ్యేదాకా ముగ్గురూ తల వంచుకుని తిన్నారు.