లెక్కలో లేని అన్నయ్య

ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ కంపెనీలో బుజ్జి పని, దాన్ని ఎవరు ఏ రకం కంప్యూటర్‌లో వాడుతున్నారో లెక్క తేల్చడం. సాఫ్ట్‌వేర్ తెరవగానే ఒక ప్రశ్న వస్తుంది: "మీ వాడకం వివరాలు మాకు పంపమంటారా?" ఇష్టమైనవాళ్లు ఔనంటారు, లేనివాళ్లు కాదంటారు. ఔనన్నవాళ్లలో, విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత వ్యవస్థతో కంప్యూటర్ నడుపుకునేవాళ్లు భూతద్దం పెట్టి వెతికినా కనబడలేదు.

"ఇక లినక్స్ వెర్షన్ ఆపేద్దాం," అన్నాడు పెద్దసారు.

"తమ సంగతులు ఎవరికీ తెలియకూడదనే కదండీ వాళ్లలో చాలామంది లినక్స్‌కి వెళ్లింది! వాళ్లు ఔనని ఎందుకు నొక్కుతారు?" అంది బుజ్జి.

"కాదనేవాళ్లు అన్నిచోట్లా ఉంటారమ్మా."

"వీళ్లలో మరీ ఎక్కువండీ."

"ఎంత ఎక్కువ?"

"కాదన్నవాళ్ల లెక్క మనకి రాదు కదండీ."

"మరింకేం!" అని ఆయన లేచి వెళ్లిపోయాడు.

బుజ్జికి ఇంత గట్టి నమ్మకం ఎందుకంటే, ఇంట్లోనే అలాంటి శాల్తీ ఒకటుంది. స్వయానా అన్నయ్య. లాప్‌టాప్ కెమెరాకి గంతలు కట్టేశాడు. పక్కింటాయన "భోంచేశారా?" అంటే "ఎందుకడుగుతున్నారు?" అనే రకం.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర కదిపింది. "అన్నయ్యా, ఒక్కసారి ఔనని నొక్కవూ?"

"చచ్చినా నొక్కను."

"అయితే నీ వెర్షన్ ఆపేస్తారు."

అన్నయ్య చేతిలో ముద్ద కంచంలో పడింది. "అన్యాయం కదూ! మేం ఇంతమందిమి ఉండగా?"

"ఎంతమంది?"

"అది చెప్పకూడదు."

వదిన నవ్వాపుకోలేక, నీళ్లు తెచ్చే నెపంతో వంటింట్లోకి జారుకుంది.

పెద్దసారు మర్యాద తెలిసిన మనిషి. వెబ్‌సైట్‌లో ప్రకటన పెట్టి లినక్స్ వాళ్లని పిలిచి, టీ ఇచ్చి, నాలుగు మంచిమాటలు చెప్పి సాగనంపుదామన్నాడు. వస్తే నలుగురైదుగురు వస్తారని రిసెప్షన్ పక్కన చిన్నగది ఊడ్పించాడు.

తీరా ఆరోజు మెట్లన్నీ మనుషులే. లిఫ్టు కదలదు, వీధిలో బస్సు కదలదు. సగంమంది టోపీలు ముక్కుదాకా దించుకున్నారు. రిసెప్షన్‌లో అమ్మాయి "పేరు రాయండి" అంటే చాలు, "తప్పనిసరా, మా ఇష్టమా?" అని అడగడం, ఇష్టమే అనగానే పెన్ను ముట్టకుండా లోపలికి తోసుకురావడం. వాళ్లలో అన్నయ్య కూడా ఉన్నాడు. చెల్లెల్ని ఎరగనట్టే దాటిపోయాడు.

పెద్దసారు కిటికీలోంచి తొంగిచూశాడు. మొహాన కత్తివాటుకి నెత్తుటిచుక్క లేదు. "ఎంతమందమ్మా?" అన్నాడు నీరసంగా.

"పేర్లు రాసినవాళ్లని బట్టి చూస్తే ఎవరూ రాలేదండీ," అంది బుజ్జి.

కింద జనం గోల పెరిగింది. ఇక లాభం లేదనుకుని, వెర్షన్ ఆపడం లేదని ఆయన కిటికీలోంచే కేకేసి చెప్పాడు. పైవాళ్లకి పంపే రిపోర్టులో అంకె ఉండాల్సినచోట "చాలామంది" అని రాయించాడు.

బుజ్జి అన్నయ్యతో కలిసి ఇంటికి వెళ్తూ సంబరం పట్టలేకపోయింది. "చూశావా అన్నయ్యా, మొత్తానికి మీరూ లెక్కలోకి వచ్చారు!"

అన్నయ్య నడక ఆపేశాడు. "మమ్మల్ని లెక్కపెట్టమని ఎవరు చెప్పారు? మా అనుమతి తీసుకున్నారా?"

బుజ్జి అతన్ని ఆ రోడ్డుమీదే వదిలేసి, వచ్చిన బస్సెక్కేసింది.