పులిని బాగ్ అన్న పిల్ల

జయశ్రీది విజయనగరం. 2002లో విశాఖ మన్యపు హుకుంపేట దగ్గరి ఓ ఆశ్రమ పాఠశాలలో టీచరుగా చేరింది. మూడో తరగతిలోకి కొత్తగా వచ్చిన కనక ఇంట్లో మాట్లాడేది ఆదివాసీ ఒడియా. ఒకరోజు వాచకంలో పులి బొమ్మ చూపించి ఇదేమిటని అడిగితే, ఆ పిల్ల అందరికన్నా ముందు లేచి "బాగ్" అంది.

"బ్యాగా? అడవిలో ఎవరు మరిచిపోయారమ్మా?" అంది జయశ్రీ.

తరగతంతా నవ్వింది. ముందు ఆమే నవ్వింది. సాయంత్రానికి హాస్టల్లో కనక పేరు బ్యాగు అయిపోయింది. ఆ పిలుపు జయశ్రీ చెవిన పడినా, పిల్లల సరదాలే కదా అని ఊరుకుంది. కనక వాచకం తెరవడం మానేసింది. దసరా సెలవులకు ఇంటికి వెళ్ళి మళ్ళీ రాలేదు.

బాగ్ అంటే వాళ్ళ మాటలో పులేనని, ఆ నవ్వులకే కనక రావడం లేదని పిల్లలు చెబితే జయశ్రీకి తెలిసింది. ఆదివారం జీపు దిగి, కొండెక్కి కనక ఊరు వెళ్ళింది. కనక తండ్రి సోంబరు వాకిట్లో చోళ్ళు ఎండబోస్తున్నాడు. ఆమెను చూడగానే కనక ఇంట్లోకి పోయింది.

"గుంట రానంతంది టీచరమ్మా. మా మాట మాటాడితే నవ్వుతున్నారంట."

"ముందు నవ్వింది నేనే," అంది జయశ్రీ.

సోంబరు కూర్చోమని చాప వేశాడు. అతను నాలుగు తిట్టినా బాగుండేది అనిపించింది ఆమెకు.

చాప మీద కూర్చుని అడిగింది. "మీరు పులి కథలు చెప్పుకుంటారా?"

"సెప్తాం. ఏటికి?"

"పుస్తకం చేస్తాను. మీ మాటలోనూ, తెలుగులోనూ."

కట్టెల మోపును చూసి ఏనుగనుకుని పారిపోయిన పులి కథ తమ మాటలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పాడు సోంబరు. తెలుగు మాట తట్టక అతను ఆగినచోట, లోపలినుంచి కనక సన్నగా అందించింది.

జయశ్రీ పాత క్యాలెండర్ల వెనక బొమ్మలు గీసి, రెండు భాషల్లో, తెలుగు అక్షరాలతోనే రాసి కుట్టింది. తరగతిలో ముందుగా, "ఆ రోజు తెలియంది కనకకు కాదు, నాకు," అని చెప్పి, తర్వాత చదివింది. పుస్తకం కోసం పిల్లలు కొట్లాడుకున్నారు. ఆ మాట ఊరికి చేరిందేమో, మరుసటి వారం సోంబరు కూతుర్ని తీసుకొచ్చి దిగబెట్టాడు.

ఆ తర్వాత సాయంత్రాలు కనక వరండాలో చిన్నపిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని ఆ కథ చదివేది. ఒకసారి విందామని జయశ్రీ గది గుమ్మం దాకా వచ్చింది. ఆమెను చూడగానే కనక గొంతు తగ్గి, ఆగిపోయింది.

"చదువమ్మా."

కనక తల వంచుకుంది.

జయశ్రీ లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. కొంతసేపటికి కనక గొంతు మళ్ళీ వినిపించింది; పులి పారిపోయేచోట వరండాలో పిల్లలు పకపకా నవ్వారు. ఆమె బయటికి రాలేదు.