రెండో కూత

దాలయ్య ఇనుపమెట్ల పైన కూర్చుని సైరను మోటారు మూత తుడుస్తున్నాడు. ఉప్పుగాలికి రాత్రికి రాత్రే తుప్పు పడుతుంది. పొద్దున్నే నూనెగుడ్డతో రుద్దకపోతే మధ్యాహ్నానికి దాని గొంతు బొంగురుపోతుంది. దాలయ్యకి తన గొంతుతో అంత పనిలేదు. రోజుకి నాలుగు మాటలాడితే ఎక్కువ.

సన్నటి మనిషి. జాలారి నల్లభుజాలు. మీట నొక్కీ నొక్కీ కుడి బొటనవేలు ఓ పక్కకి వంగిపోయింది. ఆ వేలు నొక్కితేనే హార్బర్లో షిఫ్టు మారుతుంది, కళాసీలు అన్నాలకి లేస్తారు, రేవు పక్క ఇళ్ళలో ఆడవాళ్ళు ఎసరు పెడతారు.

కింద క్రేను దగ్గర్నుంచి బావమరిది సూరన్న కేకేశాడు.

"బావోయ్! రేపు ఆదోరం. ఇయాల్తో నీ కొలువు సరి. ఎల్లుండి నుంచి నిన్నెవులు లేపుతారు?"

"మీ అప్ప నోరుంది కదేటి. సైరనెందుకు?"

సూరన్న పడీపడీ నవ్వాడు.

అది జనవరి ముప్పై. ఏటా ఈ రోజు పదకొండు గంటలకి ఒక కూత వేయాలి. ఊళ్ళో ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయి, దేశం కోసం ప్రాణాలిచ్చినవాళ్ళని తలచుకుంటారు. రెండు నిమిషాలయ్యాక రెండో కూత. అది వినబడితేనే కదలాలి.

దాలయ్య తమ్ముడు నూకరాజు నేవీలో వంటవాడు. డెబ్భై ఒకటి యుద్ధంలో, పడమటి సముద్రంలో, ఓడతోపాటే వెళ్ళిపోయాడు. కబురొచ్చింది గాని మనిషి రాలేదు. ఆ మరుసటి జనవరిలో దాలయ్య ఫోర్‌మన్ గవర్రాజుని అడిగాడు.

"బాబూ, మావోడు కూడా ఇందులోకి వత్తాడా?"

"మీవాడు రాకపోతే ఇంకెవరొస్తారయ్యా?" అన్నాడు గవర్రాజు. గోదావరి మనిషి. మాట మెత్తన.

అప్పట్నుంచీ ఊరు ఊరంతా తన తమ్ముడి కోసం నిలబడుతోందని దాలయ్యకి తెలుసు. తనకే తీరిక లేదు. కూత వేసేవాడి చూపు గడియారం ముల్లు మీదుండాలి. కళ్ళు మూస్తే ముల్లు దాటిపోతుంది. తెరిచి ఉంచితే తమ్ముడు రాడు. చూస్తూ చూస్తూ ఉండగానే నూకరాజు మొహం, వానకి తడిసిన గోడమీద సున్నం బొమ్మలాగా, చెరిగిపోయింది.

వచ్చే ఏడు కింద అందరితోపాటు నిలబడొచ్చు, నిజమే. కాని పడమటి సముద్రం నుంచి ఇక్కడికి రావడానికి రెండు నిమిషాలు ఏం చాలుతాయి? ఆ నిశ్శబ్దం పొడుగెంతో చెప్పే మీట ఇవాళ ఒక్కరోజే తన వేలి కింద ఉంది.

పదకొండయ్యేసరికి మెట్ల పైన గదిలో, చెవుల్లో దూది పెట్టుకుని మొదటి కూత వేశాడు. అది సాగి సాగి, ఎదురుగా కొండకి తగిలి, నీళ్ళమీద అణిగిపోయింది. దాలయ్య గడియారానికి వీపు పెట్టి కూర్చున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

ముందు ఎర్రటి చీకటి. తర్వాత నీళ్ళు. నీళ్ళమీద ఒక తెప్ప. తెడ్డు వేయకుండానే జరిగి వస్తోంది. దానిమీద తెల్లచొక్కా మనిషి అటు తిరిగి నిలబడ్డాడు. చిన్నప్పుడూ ఇంతే, అలిగితే వెనక్కి నడుచుకుంటూ ఇంటికొచ్చేవాడు. దాలయ్య తొందరపెట్టలేదు. తెప్ప మెల్లగా వచ్చి అతని మోకాలికి తగిలింది. అప్పుడు తిరిగాడు నూకరాజు. ముక్కు పక్కన అమ్మవారి మచ్చ అలాగే ఉంది. వయసు ఒక్క రోజు పెరగలేదు.

"అన్నా, అన్నం తిన్నావా?"

"తిన్నాన్రా."

"ఏటి కూర?"

"నెత్తళ్ళు."

"ఉప్పు సరిపోనాదా?"

"నీ సెయ్యంత లేదురా."

నూకరాజు నవ్వాడు. పైపన్ను మీద పన్ను. ఆ సంగతే మరిచిపోయాడు దాలయ్య. కడుపునిండా చూసుకున్నాడు.

కళ్ళు తెరిచేసరికి రేవు ఇంకా నిలబడే ఉంది. క్రేను కొక్కేనికి బస్తాల మూట గాల్లో వేలాడుతోంది. సూరన్న తలపాగా చేత్తో పట్టుకుని బొమ్మలా ఉన్నాడు. షెడ్డు ముందర ఒక ముసలి కళాసీ, వీపుమీద బస్తాతో. మోకాళ్ళు వణుకుతున్నాయి. బస్తా మాత్రం దించలేదు. రెండో కూత రాలేదు మరి.

దాలయ్య నీళ్ళవైపు తిరిగాడు.

"మరెల్రా, నాయనా," అన్నాడు.

మీట నొక్కాడు. బస్తా దిగింది.

గవర్రాజు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు.

"ఏంటయ్యా దాలయ్యా! ఆఫీసు నుంచి ఫోను మీద ఫోను! కునుకు పట్టేసిందా ఏంటి, చివరి రోజుని?"

దాలయ్య చెవుల్లోంచి దూది తీసి కిటికీ గట్టుమీద పెట్టాడు.

"తమ్ముడొచ్చాడు బాబూ. వచ్చినోణ్ణి ఎల్లిపొమ్మని ఎలాగ సెప్పీది?"

గవర్రాజు గడియారం అద్దం తెరిచి, పెద్దముల్లుని వేలితో కాస్త వెనక్కి తోశాడు.

"గడియారం వెనకబడింది. నేను చెప్పుకుంటాలే. మిగతా కూతలు నేను చూస్తాను, నువ్వు ఇంటికెళ్ళు."

దాలయ్య ఒక్కో మెట్టూ దిగాడు. సూరన్న ఏదో అడగబోయి, ఆ మొహం చూసి, తలపాగా చుట్టుకుంటూ దారిచ్చాడు. గేటు దాటి, ఇసుకలోకి దిగి, ఎండలో అతను చిన్నగా అయిపోయాడు.

కిటికీ గట్టుమీద దూది ఉండలు రెండు, నూనె మరకలతో, చెవి ఒంపు ఇంకా విడవకుండా, సముద్రపు గాలికి కొద్దికొద్దిగా కదులుతున్నాయి.