మూడో కొలత

మా ఆఫీసులో పిల్లలు వేలల్లో ఉంటారు, ఒక్కరూ ఏడవరు. అందరూ అంకెలే. పుట్టిన రోజు నుంచి అయిదేళ్ళు నిండేదాకా ఎవరెంత ఎత్తు, ఎంత బరువు ఉన్నారో ఆ లెక్కలు ఎక్కడెక్కడి నుంచో మాకు వస్తాయి. వాటిని చుక్కలుగా పెట్టి, ఆ చుక్కల గుండా ఒక గీత గీసి, ఫలానా పిల్ల వచ్చే నెలకి ఎంత ఎదుగుతుందో ముందే చెప్పడం నా పని. బరువుని నేను పెద్దగా నమ్మను. జ్వరం వస్తే తగ్గుతుంది, నాలుగు ముద్దలు తింటే పెరుగుతుంది, దానికి నిలకడ లేదు. ఎత్తు అలా కాదు. ఒకసారి పెరిగిందంటే వెనక్కి వెళ్ళే ప్రశ్నే లేదు.

ఆ వేలల్లో లేని పిల్ల ఒకతి ఉంది. నా కూతురు బుడంకాయ. బోర్లా పడడం నేర్చింది, పాకడం ఇంకా రాలేదు, అప్పుడే దాన్ని మా అక్క దగ్గర వదిలి ఈ ఉద్యోగంలో చేరాను. వాళ్ళ నాన్న సంగతి అడక్కండి, ఆయన మా ఇద్దర్నీ అంతకుముందే వదిలేశాడు. నేనుండే హాస్టల్లో పిల్లల్ని ఉండనివ్వరు. ఉద్యోగం ఖాయమైతే ఒక ఇల్లు తీసుకుని దాన్ని తెచ్చుకోవాలి. అప్పటిదాకా సెలవు మాటెత్తితే మా పెద్దాయన మొహం గంటు పెట్టుకుంటాడు. ఇన్నాళ్ళయ్యాక రమ్మంటే అది నాతో వస్తుందా అన్న దిగులు మాత్రం నన్ను తొలిచేస్తూనే ఉంది.

అక్కది బటన్ల ఫోను, బొమ్మ కనపడదు. నెలకోసారి నర్సు సంచీ భుజాన వేసుకుని వాళ్ళింటికొచ్చి పిల్లని కొలిచి వెళుతుంది. ఆ సాయంత్రం అక్క ఫోన్ చేస్తుంది.

“రాసుకో,” అంటుంది. రాసుకుంటాను.

“పిల్ల ఎలా ఉందని ఒక్కసారైనా అడగవేంటే?”

“చెప్పావుగా.”

“నీ మొహం. నేను చెప్పింది అంకెలు.”

అడిగితే గంటసేపు చెబుతుంది, నాకు తెలుసు. అదంతా విన్నాక ఈ గదిలో ఒక్కదాన్నీ ఉండలేను, అందుకే అడగను.

నా గదిలో తలుపు పక్క గోడ మీద పెన్సిలు గీతలున్నాయి. అక్క ఫోను పెట్టేశాక బుడంకాయ కొత్త ఎత్తుకి ఒక గీత గీస్తాను. ఆదివారాలు ఆఫీసు ఉండదు, పక్కగదుల వాళ్ళు ఎవరి మనుషుల దగ్గరికి వాళ్ళు పోతారు. నేను నేల మీద కూర్చుని అన్నిటికన్నా పైన ఉన్న గీతతో మాట్లాడతాను. అన్నం తిన్నావా అంటాను. ఎవరైనా చూస్తే పిచ్చి ముదిరిందనుకుంటారు. అనుకోనీ, నాకు మాట్లాడేందుకు ఇంకెవరున్నారు?

పోయిన నెల అక్క చెప్పిన ఎత్తు, అంతకుముందు నెల కంటే మూడు మిల్లీమీటర్లు తక్కువ.

“ఆవిడ సరిగ్గా కొలిచిందా?”

“నా కళ్ళ ముందే కొలిచింది. పిల్ల శుభ్రంగా ఉంది, నువ్వు ఊరికే కంగారుపడకు.”

ఆఫీసులో ఇలాంటి అంకె వస్తే నేను రెప్ప కూడా వెయ్యను. పొరపాటని కొట్టేసి తర్వాతి పిల్ల దగ్గరికి పోతాను. ఇక్కడ మాత్రం పెన్సిలు పట్టుకుని, పాత గీతకి కింద కొత్త గీత గీయడానికి చెయ్యి రాక నిలబడిపోయాను. ఎముకల్లో ఏమైనా వచ్చిందా? వెన్ను వంగుతోందా? తెల్లారగానే పెద్దాయనకి చెప్పకుండా బస్సెక్కేశాను. ఉద్యోగం ఊడితే ఊడనీ అనుకున్నాను.

అక్క తలుపు తీసి నోరెళ్ళబెట్టింది. సంగతి విన్నాక పగలబడి నవ్వింది.

“దీనికా ఇంత దూరం పరిగెత్తుకొచ్చావు! రెండేళ్ళు నిండాయి కదే. ఇక పడుకోబెట్టి కొలవరట, నిలబెట్టి కొలుస్తారట. నర్సే చెప్పింది.”

నాకు తల కొట్టేసినట్టయింది. పడుకోబెట్టి కొలిచిన పిల్లని నిలబెట్టి కొలిస్తే దాదాపు ఏడు మిల్లీమీటర్లు తక్కువ వస్తుంది. రెండేళ్ళు దాటిన ప్రతి పిల్లకీ ఆ తేడాని సర్దే లెక్క మా ప్రోగ్రాములో రాసింది నేనే. బుడంకాయకి ఎన్ని నెలలో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అయినా నా కళ్ళలో అది ఇంకా, నేను వదిలి వెళ్ళిన దుప్పటి మీదే వెల్లకిలా పడుకుని ఉంది. నిలబడి ఉంటుందన్న సంగతి నాకు తట్టనే లేదు.

అంతలో పెరట్లోంచి బుడంకాయ వచ్చింది. నడుచుకుంటూ వచ్చింది. నన్ను చూసింది, నా భుజాన ఉన్న సంచీ చూసింది. ఏడవలేదు, దాక్కోలేదు. బుద్ధిగా చెప్పులు విడిచి, గోడ దగ్గరికి వెళ్ళి, మడమలు ఆనించి, తల నిటారుగా పెట్టి నిలబడింది.

“అయ్యో పిచ్చిదానా, ఈవిడ నర్సు కాదే, అమ్మ!” అంది అక్క.

అది కదల్లేదు. ఏం చెయ్యాలో తోచక సంచీలోంచి టేపూ, ఒక అట్టా తీశాను, ఆ ఒక్క పనే నాకు చేతనైంది. తల మీద అట్ట ఆనించి, గోడ మీద గుర్తు పెట్టి కొలిచాను. ఆ ఏడు మిల్లీమీటర్లూ సర్దుకుంటే, సరిగ్గా, ఇన్ని నెలల అంకెలతో దానికి నేను వేసుకున్న లెక్క ముందే చెప్పిన చోటే ఉంది. వెంట్రుకవాసి తేడా లేదు. ఇంత కచ్చితంగా నాకు తెలిసిన పిల్లకి నేనెవరో తెలియదు.

కొలవడం అవగానే బుడంకాయ చెప్పులు తొడుక్కుని, గుమ్మం వైపు చూపిస్తూ చెయ్యి ఊపింది.

“టాటా.”

కొలిచినవాళ్ళు వెళ్ళిపోతారు. పాపం, దానికి తెలిసింది అంతే.

“ఇంకా అవలేదమ్మా,” అన్నాను. “రెండుసార్లు కొలవాలి.”

అబద్ధం కాదు. మా పద్ధతిలో ఎవరినైనా రెండుసార్లు కొలవాల్సిందే. ఆ రెండూ కలవకపోతేనే మూడోసారి. బుడంకాయ పెద్ద ఆరిందాలా నిట్టూర్చి మళ్ళీ చెప్పులు విడిచింది. ఈసారి అట్ట తీసేశాక కూడా చెయ్యి దాని తల మీదే ఉంచాను. జుట్టు మెత్తగా, వెచ్చగా ఉంది.

రెండు కొలతలూ కలిశాయి.

“మూడోసారి,” అన్నాను.