కంట్లో తెల్లచుక్క

ఆ రోజు కూడా చిత్రకారుడికి అన్నంలో రాయి తగిలింది.

"అత్తయ్యా, రాళ్లు ఏరి పారేశారా, బియ్యం ఏరి పారేశారా?" అంది కోడలు. చిత్రకారుడు నవ్వాడు. తల్లి కూడా నవ్వేసి, "చాదస్తం ముదిరిందే అమ్మా" అంది. ఇలాంటి నవ్వులు మనందరి ఇళ్లల్లోనూ వినిపిస్తూనే ఉంటాయి. ఆ నవ్వు వెనకేముందో అడిగే తీరిక ఎవరికీ ఉండదు.

ఉన్నది ఉన్నట్టు వేస్తాడని ఆ చిత్రకారుడికి పేరు. ముడత ఉంటే ముడత, మచ్చ ఉంటే మచ్చ. "కాస్త జుట్టు వెయ్యవయ్యా" అని పెద్దమనుషులు బతిమాలినా లేని వెంట్రుక ఒక్కటి వేసేవాడు కాదు. అందుకే తోటివాళ్లు అతన్ని 'ఉన్నదున్నట్టు' అనే పిలిచేవారు. అంతటివాడు ఈసారి ప్రదర్శన కోసం తల్లి బొమ్మ మొదలుపెట్టాడు.

ఆవిణ్ని కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టడమే గగనమైంది. పాలు పొంగుతాయని ఒకసారి, ఆరేసిన బట్టలు తడుస్తాయని ఒకసారి లేచిపోయేది.

"అమ్మా, నువ్వు కదిలితే ముక్కు చెంప మీదికి పోతుంది."

"పోనీలేరా, ఈ వయసులో అది ఎక్కడుంటేనేం" అనేది.

ఎలాగైతేనేం, చీర మడతలూ చేతులూ కుదిరాయి. కళ్లు మిగిలాయి. కిటికీ వెలుగు కనుపాప మీద పడి చిన్న తెల్లచుక్కలా మెరుస్తుంది. ఆ చుక్క పెడితేనే బొమ్మకి ప్రాణం. తల్లి ఎడమ కంట్లో అది అంచున ఉంది. కుడి కంట్లో మాత్రం నడిమధ్య, పెద్దదిగా, మసగ్గా ఉంది. వెలుతురే కదా అనుకుని అలాగే దించేశాడు. వేశాక బొమ్మలో అది తప్పులా కనిపించింది. కుర్చీ జరిపి చూశాడు. చుక్క జరగలేదు. కర్టెన్ మూశాడు. ఎడమ కంట్లో మెరుపు పోయింది. కుడి కంట్లో తెలుపు అలాగే ఉంది.

అతను కుంచె కింద పెట్టేశాడు.

"అమ్మా, ఎడమ కన్ను మూసుకో. నేనెన్ని వేళ్లు చూపిస్తున్నాను?"

తల్లి అరచేత్తో ఎడమ కన్ను మూసుకుంది. "నువ్వు నుంచున్నావని తెలుస్తోంది నాన్నా. వేళ్లు తెలియడం లేదు."

"ఎన్నాళ్ల నుంచి?"

"బియ్యం ఏరడం చేతకానప్పటి నుంచి."

"చెప్పొచ్చు కదమ్మా."

"చెబితే పొయ్యి దగ్గరికి రానివ్వరుగా. ఊరికే కూర్చుని తింటే మీకు బరువైపోనూ?"

బరువట. ఆ ఇంటి బరువంతా మోసిన మనిషి అన్న మాట అది.

కంటి డాక్టరమ్మ పరీక్ష చేసి, "శుక్లం బాగా ముదిరింది. ఎడమ కంట్లోనూ మొదలైంది. ఇంకా ఆగుంటే ఆపరేషన్ చేసినా చూపొస్తుందని చెప్పలేకపోయేదాన్ని" అంది. తర్వాత అడిగింది, "ఇంట్లో ఈవిణ్ని చూసుకునేది ఎవరండీ?"

"ఆవిడే మమ్మల్ని చూసుకుంటుందండీ" అన్నాడు చిత్రకారుడు, అలవాటుగా. అన్నాక సిగ్గుతో తల దించుకున్నాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. కట్టు విప్పాక తల్లి తన బొమ్మ ముందు నిలబడి, "ఇంత ముసలిదాన్ని ఎప్పుడయ్యానురా?" అని ఆశ్చర్యపోయింది. "కన్ను బాగైందిగా, ఆ తెల్లచుక్క చెరిపెయ్యి. చూసినవాళ్లు ఏమనుకుంటారు?"

"అనుకోనీ అమ్మా" అన్నాడు కొడుకు.

ప్రదర్శనలో ఒక పెద్దాయన బొమ్మ దగ్గరికి వంగి చూసి, "ఏమయ్యా ఉన్నదున్నట్టూ, కంట్లో వెలుగు తప్పు పడిందే" అన్నాడు.

"అది వెలుగు కాదండీ, శుక్లం. ఊరందరి ముడతలూ లెక్కగా వేసినవాణ్ని, బొమ్మకి కూర్చోబెట్టేదాకా మా అమ్మ ముఖం సరిగ్గా చూడలేదు. మనల్ని చూసుకునేవాళ్లని మనం చూడమండీ. బొమ్మదేముంది, ఇక్కడే ఉంటుంది. మీరు ముందు ఇంటికెళ్లి, మిమ్మల్ని చూసుకునే మనిషి కళ్లలోకి ఒక్కసారి చూడండి."