సీటు ఎంత వెనక్కి ఉంది

మా అన్నయ్యకూ నాకూ మధ్య పదకొండేళ్ళుగా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. అలాంటి మా ఇద్దరినీ ఒకే బల్ల ముందు కూర్చోబెట్టి, తనకు మొదటి కారు చూసిపెట్టమంది మేనకోడలు. దానికి ఇరవై ఏళ్ళు. లైసెన్సు చేతికొచ్చి ఇంకా నెల కాలేదు. సోమవారం నుంచి ఇంటింటికీ తిరిగి, మంచం పట్టినవాళ్ళకు కసరత్తులు చేయించే ఉద్యోగం. కారూ, దానికి చెల్లే ఇన్సూరెన్సూ ఉంటేనే రమ్మన్నారు, లేకపోతే ఆ ఉద్యోగం ఇంకొకళ్ళది.

నన్నెందుకు పిలిచిందంటే, గుద్దుకున్న కార్లు చూసి ఇన్సూరెన్సు డబ్బు ఇవ్వాలో వద్దో రాయడమే నా పని. ఆఫీసులో నా వెనకాల నన్ను భూతద్దం అంటారు. మొహం మీద అనే ధైర్యం మా అన్నయ్యకొక్కడికే ఉంది.

"వచ్చింది భూతద్దం. ఇంక టైర్లలో గాలి కూడా తప్పేనంటుంది," అన్నాడు నేను కుర్చీ లాక్కోకముందే.

"గాలి సంగతి నీకే బాగా తెలుసులే, తలంతా అదేగా," అన్నాను.

పాత కార్లు అమ్మే ఆవరణ అది. రేకుల కింద మూడు కార్లు మా బేరానికి మిగిలాయి. ఎర్రది ఒకటి, వెడల్పు టైర్లు, వెనక రెక్క, చెవులు చిల్లులు పడే సైలెన్సరు. బూడిద రంగుది ఒకటి. చివర్న వెలిసిపోయిన ఆకుపచ్చది, దాని అద్దాలు చేత్తో తిప్పుకోవాలి. వదిన లోపలికి రాలేదు. గేటు బయట గట్టు మీద సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆవిడ ఎప్పుడూ అంతే, నోట్లో నాలుక లేని మనిషి.

అన్నయ్య కన్ను ఎర్రదాని మీద ఉంది. కూతురి కోసమా, నా మొహమా! ఆ కారు కావలసింది వాడికి.

మూల బల్ల దగ్గర ఇన్సూరెన్సు గుమాస్తా కంప్యూటర్లో కొట్టి చెప్పిన అంకెను వాడు మళ్ళీ చెప్పించుకున్నాడు. ఏడాదికి కట్టేదే కారు ధరలో సగం.

"పెద్ద ఇంజను, తరవాత తగిలించిన హంగులు, పైగా కొత్త డ్రైవరు. ఇంకెంత అనుకున్నావు?" అన్నాను. "బూడిద రంగుది తీసుకో. చిన్న ఇంజను, విడిభాగాలు చవక, దానికి ఏమీ తగిలించలేదు."

అన్నయ్య నన్ను పట్టించుకోకుండా గుమాస్తా వైపు వంగాడు. "ముఖ్య డ్రైవరు నేనని రాయండి సార్. పిల్ల ఎప్పుడైనా నడుపుతుందని పెట్టండి. సగం తగ్గుతుందిగా?"

"రోజూ నడిపేది అదే కదా! రేపు ఎక్కడైనా గుద్దితే పైసా రాదు."

"ఎవరు నడిపారో మీకెలా తెలుస్తుందే?"

"సీటు చెప్తుంది."

వాడి మొహం మాడిపోయింది. గుద్దుకున్న కారులో నేను మొదట చూసేది సీటు ఎంత వెనక్కి ఉందో. పదకొండేళ్ళ కిందట వాడు గోడకు గుద్దిన కారు వదిన పేరున ఉండేది, ఆవిడ పేరున అయితే చవకని. నడిపింది కూడా ఆవిడేనని కాగితం మీద సంతకం పెట్టించాడు. సీటు మాత్రం చివరి గాడి దాకా వెనక్కి ఉంది. ఇంటివాళ్ళ కేసు కాబట్టి నేను ముట్టుకోలేదు. నా తోటి ఉద్యోగి వచ్చి "మీ వదినగారు ఎంత పొడుగుంటారు?" అని అడిగాడు. చెయ్యెత్తి నా భుజం దాకా చూపించాను. అంతే, డబ్బు రాలేదు. ఆ నిజం చెప్పినందుకు ఇప్పటిదాకా ఛాతీ విరుచుకునే తిరిగాను.

"అయితే దిగేటప్పుడల్లా సీటు వెనక్కి నెట్టి దిగవే," అన్నాడు కూతురితో. "మీ అత్త కాదు కదా, దాని తాత కూడా కనిపెట్టలేడు."

"నా తాత నీకూ తాతే."

పిల్ల మా ఇద్దరినీ చూడలేదు. గుమాస్తాను అడిగింది. "బూడిద రంగుదానికి నాతో పాటు మా అమ్మ పేరు కలిపితే ఎంతవుతుంది?"

అతను వివరాలు కొట్టి, గొంతు తగ్గించాడు. "ఆవిడ పేరు మీద అబద్ధం చెప్పి సంతకం పెట్టారని ఉందమ్మా. చాలా ఎక్కువవుతుంది."

"మరి ఆ ఆకుపచ్చదానికి?"

"అదైతే మీరు చెప్పిన డబ్బులో సరిపోతుంది. బొటాబొటిగా."

"అదే రాయండి."

అన్నయ్య ఒంటికాలి మీద లేచాడు. "ఆ డొక్కా! నలుగురూ నవ్వుతారే! అయినా మీ అమ్మకు కారెందుకు?"

"గడువు తీరినప్పుడల్లా అమ్మ లైసెన్సు రెన్యూ చేయించుకుంటోంది నాన్నా. నీకు తెలుసా? కట్టగలిగే ధరకు ఎవరూ పాలసీ ఇవ్వరు, అయినా చేయించుకుంటోంది. సంతకం పెట్టించింది నువ్వు." నా వైపు తిరిగింది. "చెయ్యెత్తి చూపించింది నువ్వు అత్తా."

"నేను చెప్పింది నిజమే కదే!"

"నిజమే. సంతకం పెట్టించింది మీ అన్నయ్యేనని కూడా చెప్పావా?"

"వాళ్ళు అడగలేదు..."

"అడగకపోతే చెప్పవు. మీరిద్దరూ ఇన్నేళ్ళూ తిట్టుకుంటూనే ఉన్నారు. మచ్చ మాత్రం అమ్మకి పడింది."

నేను మా అన్నయ్యను కాపాడానని నాకు ఆ క్షణం దాకా తెలియదు. వాడంటే ఒళ్ళు మంట, అయినా వాడి పేరు నా నోట రాలేదు.

పిల్ల డబ్బు కట్టి, ముఖ్య డ్రైవరు అన్నచోట తన పేరు రాసి, కారు గేటు దాకా తెచ్చి దిగింది. నేను వెనక తలుపు మీద చెయ్యి వేశాను.

"వద్దత్తా. మీరిద్దరూ బస్సులో రండి."

వదిన లేచి, సంచి కూతురికి ఇచ్చి, స్టీరింగు ముందు కూర్చుంది. పిల్లకు తండ్రి పొడుగు వచ్చింది, వదిన కాళ్ళు పెడళ్ళకు అందలేదు. సీటు ముందుకు లాక్కుంది. ఒక్కో గాడీ టక్కుమంటూ, చివరి గాడి దాకా జరిగింది.

కారు వెళ్ళిపోయింది. పక్కన అన్నయ్య ఏదో గొణుగుతున్నాడు. నాకు వినబుద్ధి కాలేదు. ఆ రోజు ఎత్తి చూపించిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, నా చేతిసంచి వెనక దాచుకున్నాను.