కిటికీలోంచి శ్రీలంక

మా మండలాధ్యక్షుడు సాంబశివరావు మీద అవిశ్వాస తీర్మానం పెట్టారు. ఓటింగు నాటికి అవతలివాళ్ళు లాక్కుపోకుండా, తన వైపు ఎంపీటీసీ సభ్యులమైన మమ్మల్నందరినీ శ్రీలంక క్యాంపుకు తీసుకుపోయాడు. క్యాంపు కాదది, కంపు! ఫోన్లు లాగేసుకుని, బస్సు తలుపుకు తాళం వేయించాడు. ఘాట్ రోడ్డు మలుపుల్లో ఎవరిదో వాంతీ, ఒలికిన గోంగూర పచ్చడీ, విప్పిన బూట్లూ కలిసి మా ముక్కుల్లో కాపురం పెట్టాయి. లంకలో సీతమ్మకు చెట్టు నీడైనా దక్కింది. మాకు ఏసీ కూడా దక్కలేదు.

సిగిరియా కొండా, కాండీ గుడీ అద్దంలోంచే అయిపోయాయి. జలపాతం దగ్గర మాత్రం లక్ష్మీతిరుపతమ్మ అక్క లేచి నిలబడింది. ఆ నీళ్ళలో కాళ్ళు పెట్టాలని బయల్దేరినప్పటి నుంచీ ఆమెకు ఒకటే ఆశ.

"అన్నా, ఒక్కసారి దిగి కాళ్ళు తడుపుకొస్తా."

"ఏందమ్మా నీ గోల? మన ఎత్తిపోతల ఇంతకంటే చానా బాగుంటది. దిగితే ఎవడో ఒకడు ఫోనిచ్చి నిన్ను అవతలోళ్ళతో మాట్లాడిస్తాడు. కూర్చో!" అన్నాడు సాంబశివరావు.

"నన్ను నమ్మవా?"

"నమ్మకం సంగతి ఓటయ్యాక చూద్దాంలే."

అక్క కూర్చుంది. ఓటింగు రోజున, అవిశ్వాసానికి అనుకూలురు చేతులెత్తమనగానే మొదటి చెయ్యి ఆమెదే లేచింది. రెండోది నాది. బస్సులో వారమంతా ముక్కు మూసుకున్న చెయ్యి అది.

సాంబశివరావు నోరు తెరుచుకుని చూశాడు.

"ఓటయ్యాక చూద్దామన్నావుగా అన్నా," అంది అక్క. "చూడు."